పరమాణువు పాఠం పిల్లల చేత కట్టించి, పగలగొట్టించడం ఎలా?

తొమ్మిదో తరగతి సైన్సులో పరమాణు నిర్మాణం పాఠం మొదలైందంటే మా వీధిలో ఒకటే పాట. "డాల్టన్ 1808, థామ్సన్ 1897, రూథర్‌ఫర్డ్ 1911, బోర్ 1913." ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేస్తారు. బరంపురంలో మా అరుగు మీద సాయంత్రం పూట చదువుకునే నలుగురైదుగురు పిల్లల్లో మా అక్క కూతురూ ఒకతి. "థామ్సన్ చెప్పింది చాలదని రూథర్‌ఫర్డ్‌కి ఎలా తెలిసిందే?" అని అడిగితే, "పుస్తకంలో తప్పని రాశారు కదా పిన్నీ" అంది.

దాన్ని అని లాభం లేదు, మేమూ అలాగే చదివాం. పాఠం చెప్పేవాళ్ళు చివర్లో బోర్ బొమ్మ గీసి, అంతకు ముందువాళ్ళందరినీ కొట్టేసి, గంట కొట్టగానే వెళ్ళిపోయేవారు. నేను చదువుకునే రోజుల్లో "మరి ఆ ఎలక్ట్రాన్ తిరిగి తిరిగి లోపల పడిపోదా సార్?" అని అడిగి బెంచీ ఎక్కి నిలబడ్డాను. 1911లో భౌతికశాస్త్రం వాళ్ళకి తలనొప్పి తెచ్చిన ప్రశ్న అదేనని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

అందుకే నేనిప్పుడు ఈ పాఠాన్ని ఐదు సాయంత్రాలు చేసి చెప్తున్నాను. ప్రతి నమూనానీ పిల్లలే కట్టాలి, మర్నాడు వాళ్ళే పగలగొట్టాలి. మీ ఇంట్లో తొమ్మిదో పదో చదివే పిల్లలుంటే మీరూ చేయొచ్చు. మీకు సైన్సు డిగ్రీ అక్కర్లేదు, కొంచెం ఓపిక, ఒక అరుగో వసారానో ఉంటే చాలు.

ముందుగా ఒక నోటుబుక్కులో పేజీకి మధ్యన నిలువుగా గీత కొట్టించండి. ఎడమ పక్క "ఏం చూసి అలా అనుకున్నారు?", కుడి పక్క "ఏం చూశాక అది చాలదనిపించింది?" అని రాయించండి. పేర్లూ సంవత్సరాలూ ఎక్కడా విడిగా బట్టీ పట్టించకండి. ఈ రెండు గళ్ళూ నిండితే అవే గుర్తుంటాయి.

సామాను పెద్దగా ఏం లేదు. పాతిక గోలీలు, మూతి కట్టేసే గుడ్డ సంచులు ఐదారు, వంటింటి డిజిటల్ కాటా, పెద్ద అట్టముక్క, నాలుగు లావు పుస్తకాలు, ఒక రాయి, ఆవాలు, పాత సీడీ ఒకటి, సుద్దముక్కలు, స్కెచ్ పెన్ను. రవ్వలడ్డూలు కూడా. అవి ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు మాట తేల్చుకోండి

మా వైపు పిల్లలకి బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఈ పాఠంలో అది అడ్డం కాదు, సాయమే. పరమాణువు అన్న మాట ఒడియాలోనూ హిందీలోనూ "పరమాణు"యే. చిక్కల్లా మన వాడుకతోనే. అణుబాంబు, అణుశక్తి అంటాం, కానీ సైన్సు పుస్తకంలో అణువు అంటే రెండో మూడో పరమాణువులు కలిసిన ముద్ద. నీరు అణువు, అందులోని హైడ్రోజన్ పరమాణువు. మొదటి రోజే ఈ తేడా తేల్చకపోతే చివరిదాకా తికమక పడతారు.

ఆ మాట మనకి ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాలంటే పొద్దున్న ఎనిమిదింటికి తూర్పు కిటికీ ఓరగా తెరవండి. ఎండ చారలో దుమ్ము రేణువులు తేలుతుంటాయి. వైశేషికులు, అంటే కణాదుడి దారివాళ్ళు, కంటికి ఆనే అతి చిన్న వస్తువు ఇదేనన్నారు. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, అలాంటివి మూడు కలిస్తే త్ర్యణుకం, ఎండ చారలో కనిపించేది ఆ త్ర్యణుకమేనని లెక్క కట్టారు. గ్రీసులో డెమోక్రిటస్ కూడా ఇక కోయడానికి వీల్లేని ముక్క ఉంటుందన్నాడు.

ఇక్కడ పెద్దవాళ్ళు రెండు రకాలుగా పొరపడతారు. "మనవాళ్ళు అంతా ముందే కనిపెట్టేశారు" అని ఒకరు, "అదంతా పుక్కిటి పురాణం" అని ఇంకొకరు. రెండూ పిల్లల దగ్గర అనకండి. అది బుద్ధితో చేసిన ఊహ, మంచి ఊహ. తూచి, కొలిచి చూసింది కాదు, అంతే. నోటుబుక్కులో ఎడమ గడిలో "ఎండ చార, తర్కం" అని రాయించి ముందుకు వెళ్ళండి.

గోలీల సంచులతో డాల్టన్

ఇది కాస్త నిదానంగా చేయించండి. పిల్లలు చూడకుండా సంచుల్లో మూడు, ఐదు, ఆరు, ఎనిమిది ఇలా గోలీలు వేసి మూతి కట్టేయండి. అన్నీ ఒకే సైజు గోలీలు కావాలి. సంచులు విప్పకుండా, తడమకుండా, కాటా మీద పెట్టి బరువులు మాత్రం రాసుకోమనండి. ఒక్కో గోలీ ఐదు గ్రాములనుకుందాం. సంచి బరువు తీసేస్తే 15, 25, 30, 40 వస్తాయి. "లోపల ఏముంది? పిండా, గోలీలా?" అని అడగండి.

కాసేపటికి ఎవరో ఒకరు అంటారు, అన్నీ ఐదుతో పోతున్నాయని. పిండి అయితే 17 రావచ్చు, 23న్నర రావచ్చు. ఐదేసి గ్రాముల గంతులే వస్తున్నాయంటే లోపల లెక్కపెట్టదగ్గ వస్తువేదో ఉంది. చూడకుండానే దాని బరువు కూడా తెలిసింది.

ఇంగ్లండులో మాంచెస్టర్‌లో ఉండే జాన్ డాల్టన్ తర్కం ఇదే. మూడు గ్రాముల కార్బన్ నాలుగు గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే ఒక వాయువు, ఎనిమిది గ్రాములతో కలిస్తే ఇంకొక వాయువు. మొదటిది కార్బన్ మోనాక్సైడ్, రెండోది కార్బన్ డయాక్సైడ్. మధ్యలో ఐదున్నరతో కలిసేది లేదు. పాలు అయితే ఎంతైనా పోసుకోవచ్చు. కొబ్బరికాయలైతే ఒకటి, లేకపోతే రెండు. కాబట్టి మూలకాలు కొబ్బరికాయల్లా విడివిడి గింజలుగా ఉన్నాయన్నాడు. 1803లో పరమాణు భారాల పట్టిక మొదలుపెట్టి, 1808లో పుస్తకంగా తెచ్చాడు.

డాల్టన్ పొరపాట్లు కూడా చెప్పండి, పిల్లలకి మహా ఇష్టం. నీటిలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజనే ఉంటాయనుకున్నాడు. దాంతో ఆక్సిజన్ భారం తప్పింది. దారి మాత్రం తప్పలేదు.

ఆ సంచులు విప్పకుండా దాచండి, మళ్ళీ కావాలి.

రవ్వలడ్డూ, పాత టీవీ

డాల్టన్ గోలీ గట్టిది, లోపల ఏమీ లేదు. దాన్ని పగలగొట్టింది గాజు గొట్టంలో వెలుగు. గాలి దాదాపు తీసేసిన గొట్టంలో కరెంటు పంపిస్తే ఋణ కొస నుంచి ఏవో కిరణాలు బయల్దేరతాయి. 1897లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ వాటిని అయస్కాంతంతోనూ విద్యుత్ పలకలతోనూ వంచి చూశాడు. ఎంత వంగాయో కొలిస్తే, వాటి ఆవేశానికీ బరువుకీ ఉన్న నిష్పత్తి తెలిసింది. అసలు విషయం తర్వాత వస్తుంది. లోహం మార్చాడు, గొట్టంలో వాయువు మార్చాడు, నిష్పత్తి మారలేదు. అంటే ఆ కిరణాల్లోని తునక అన్ని పదార్థాల్లోనూ ఉంది, దాన్నే ఎలక్ట్రాన్ అంటాం. హైడ్రోజన్ కన్నా వెయ్యో వంతుకి తక్కువ బరువు. ఇప్పటి లెక్కలో సుమారు 1837వ వంతు.

దీన్ని ఇంట్లో చూపించడం కష్టమే, కానీ లావు పిక్చర్ ట్యూబు టీవీ ఏ అటక మీదైనా పనిచేస్తూ ఉంటే అది థామ్సన్ గొట్టానికి మనవడు. చిన్న అయస్కాంతం అద్దం దగ్గరికి తెస్తే బొమ్మ వంకర పోతుంది. కలర్ టీవీతో ఆ పని చేయకండి. చిన్నప్పుడు నేను స్పీకర్ అయస్కాంతం తెచ్చి మా కలర్ టీవీకి అంటించాను. ఒక మూల ఆకుపచ్చ మరక పడి, వారం రోజులు వార్తలు చదివేవాళ్ళంతా కామెర్లు వచ్చినట్టు కనిపించారు. నాన్న తిట్లు ఇంకా గుర్తే. ఇంకొక మాట, ఎట్టి పరిస్థితుల్లోనూ టీవీ వెనక మూత విప్పనివ్వకండి. స్విచ్ తీసేశాక కూడా లోపల షాక్ కొట్టేంత వోల్టేజీ మిగిలి ఉంటుంది.

ఇప్పుడు లడ్డూ. పరమాణువు మొత్తానికి ఆవేశం లేదు, లోపల ఋణావేశపు ఎలక్ట్రాన్లున్నాయి. అంటే దాన్ని సరిచేసే ధనావేశం ఎక్కడో ఉండాలి. 1904లో థామ్సన్ అన్నదేమిటంటే, రవ్వంతా ధనావేశం, అందులో కిస్‌మిస్‌ల్లా ఎలక్ట్రాన్లు. ఇంగ్లీషు పుస్తకాల్లో ప్లమ్ పుడ్డింగ్ అంటారు. దాన్ని మా పిల్లలెవరూ చూడలేదు, నేనూ చూడలేదు. పుస్తకంలో పుచ్చకాయ పోలిక ఉంటుంది, అదీ బాగానే ఉంటుంది. నాకు మాత్రం లడ్డూయే నచ్చుతుంది, చేత్తో చిదిమి చూడొచ్చు కాబట్టి. ఒక్క హెచ్చరిక. థామ్సన్ ఎలక్ట్రాన్లు కిస్‌మిస్‌ల్లా అతుక్కుని ఉండవు. వలయాలుగా తిరుగుతుంటాయని లెక్కలు కూడా వేశాడు. లడ్డూ పోలిక అంతవరకే.

అదే సాయంత్రం సంచులు మళ్ళీ బయటికి తీయండి. ఈసారి బరువు బదులు ఆవేశం అనుకోమనండి. షికాగోలో మిల్లికన్ 1909 నుంచి నూనె తుంపరల మీద చేసింది ఇదే. ఒక్కో తుంపర మీద ఎంత ఆవేశం ఉందో కొలిచాడు. అన్నీ ఒకే చిన్న మొత్తానికి గుణిజాలు. ఆ చిన్న మొత్తం ఒక ఎలక్ట్రాన్ ఆవేశం. పిల్లలు "అరె, డాల్టన్ సంచులే!" అంటారు. అనకపోతే మీరే అనేయండి.

అట్ట కింద రాయి

ఐదు సాయంత్రాల్లో మంచి సాయంత్రం ఇది. తొందరపడకండి.

అరవై సెంటీమీటర్ల వెడల్పున్న అట్టని నాలుగు మూలలా పుస్తకాల మీద ఆనించి, కింద గోలీ దొర్లేంత ఎత్తు ఉంచండి. మొదట దాని కింద తడి తువ్వాలు పరిచి, ఒక పక్క నుంచి గోలీలు దొర్లించమనండి. కాస్త నెమ్మదిస్తాయి, కొంచెం అటూ ఇటూ పోతాయి, కానీ అవతలికే వస్తాయి. ఇది థామ్సన్ లడ్డూ. ధనావేశం అంతటా పలచగా పరుచుకుని ఉంటే వేగంగా వచ్చే బరువైన కణాన్ని వెనక్కి తిప్పే బలం ఎక్కడా ఉండదు.

ఇప్పుడు పిల్లల్ని కాసేపు లోపలికి పంపి, తువ్వాలు తీసేసి, గుప్పెడు రాయి ఒకటి ఎక్కడో పెట్టండి. వాళ్ళు వచ్చి అంచు పొడవునా ఎక్కడ పడితే అక్కణ్ణుంచి వంద సార్లు దొర్లించాలి. గురి చూడకూడదు. కళ్ళు మూసుకుని వదిలితే మంచిది. ఒకరు లెక్క రాయాలి. చాలామటుకు నేరుగా బయటికి పోతాయి. ఉన్నట్టుండి ఒకటి టక్కుమని తిరిగొస్తుంది. ఆ చప్పుడికి పిల్లల మొహాలు చూడండి.

మాంచెస్టర్‌లో ఆ చప్పుడు మొదట విన్నవాళ్ళలో ఒకడికి ఇరవై ఏళ్ళు. ఎర్నెస్ట్ మార్స్‌డెన్, ఇంకా డిగ్రీ విద్యార్థి. గైగర్‌తో కలిసి 1909లో పలచటి లోహపు రేకుల మీదికి ఆల్ఫా కణాలు, అంటే కొన్ని పదార్థాలు వాటంతట అవే విసిరే ధనావేశపు బరువైన కణాలు, వదిలాడు. నిజానికి చప్పుడేం లేదు. కటిక చీకట్లో కళ్ళు అలవాటు పడేదాకా కూర్చుని, జింక్ సల్ఫైడ్ తెర మీద మిణుక్కుమనే మెరుపుల్ని సూక్ష్మదర్శినితో ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. వెనక్కి ఏమైనా వస్తున్నాయేమో చూడమన్నది రూథర్‌ఫర్డ్. వచ్చాయి. పెద్ద ఫిరంగి గుండు పలచటి కాగితానికి తగిలి తిరిగి మన మీదికే వచ్చినంత వింతగా ఉందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. అప్పటికే 1908లో ఆయనకి నోబెల్ వచ్చేసింది. అయినా ఈ వింతకి అర్థం తేల్చడానికి 1911 దాకా పట్టింది. పిల్లలు ఐదు నిమిషాల్లో జవాబు రాకపోతే టెన్షన్ పడతారే, వాళ్ళకి ఈ రెండేళ్ళ సంగతి చెప్పండి.

ఎన్నింటికి ఒకటి వెనక్కి వచ్చింది అన్న దగ్గర పుస్తకాలు తేడాగా ఉంటాయి. బడి పుస్తకంలో 12,000కి ఒకటి అని ఉంటుంది. రూథర్‌ఫర్డ్ 1911 వ్యాసంలో బంగారు రేకుకి సగటున లంబకోణం తిరిగినవి 20,000కి ఒకటి. రేకు మందం, లోహం, కోణం మారితే అంకె మారుతుంది. పరీక్షకి పుస్తకంలోదే రాయమనండి, గొడవ లేదు.

ఇప్పుడు లెక్క. వంద గోలీల్లో పన్నెండు రాయికి తగిలాయనుకోండి. అట్ట వెడల్పు 60 సెంటీమీటర్లు. అందులో నూటికి పన్నెండు వంతులు, అంటే 7.2 సెంటీమీటర్ల మేర అడ్డం ఉంది. గోలీ అంచు తగిలినా తగిలినట్టే కాబట్టి గోలీ వెడల్పు 1.6 తీసేయాలి. రాయి వెడల్పు 5.6 సెంటీమీటర్లు. అట్ట ఎత్తి స్కేలుతో కొలవమనండి. మాకు ఒకసారి సెంటీమీటరు తేడాతో వచ్చింది, ఇంకోసారి రెండింతలు వచ్చింది, మావాడొకడు గురి చూసి కొట్టాడు మరి. చూడకుండా కొలవడం అంటే ఏమిటో ఈ ఒక్క లెక్కతో పిల్లలకి పట్టుబడుతుంది. రూథర్‌ఫర్డ్ లెక్కలో కణం గుద్దుకోదు, ధనావేశాలు దూరం నుంచే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అది కూడా చెప్పండి.

అట్ట కింద రాయిలా పరమాణువు నడుమ ధనావేశమంతా ఒక చిన్న ముద్దలో ఉందని రూథర్‌ఫర్డ్ తేల్చాడు, అదే కేంద్రకం. అది ఎంత చిన్నదో చెప్పడానికి ఆవగింజ తీసుకోండి. హైడ్రోజన్ కేంద్రకం ఆవగింజంత అయితే ఎలక్ట్రాన్ ఉండేది రమారమి యాభై మీటర్ల అవతల. మా గడప మీద ఆవగింజ పెట్టి అడుగులు లెక్కపెడుతూ నడిస్తే వీధి మలుపు దగ్గరికి వచ్చాం. మధ్యలో అంతా ఖాళీ. అయినా బరువంతా దాదాపు ఆ ఆవగింజలోనే.

ఆల్ఫా కణాలు ఎక్కడో ఇంగ్లండులో ఉండేవని అనుకోనివ్వకండి. మా ఊరికి దగ్గర్లోనే ఛత్రపురం ఉంది. ఆ తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటివాటితో పాటు మోనజైట్ ఉంటుంది. ఐఆర్‌ఈఎల్ (పాత పేరు ఇండియన్ రేర్ ఎర్త్స్) అనే ప్రభుత్వ సంస్థ అక్కడ ఇసుక నుంచి ఈ ఖనిజాలు వేరు చేస్తుంది. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, థోరియం ఆల్ఫా కణాలు వదులుతూనే ఉంటుంది. దాని అర్ధాయుష్షు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, సుమారు 1400 కోట్ల ఏళ్ళు, కాబట్టి ఇంకా అయిపోలేదు. ఇసుక తెచ్చి ప్రయోగాలు చేయమని కాదు. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ఆపేస్తుంది, ఊపిరితో లోపలికి పోతే మాత్రం మంచిది కాదు. గోపాలపురం బీచ్‌కి వెళ్ళినప్పుడు దూరంగా చూపించి చెప్తే చాలు.

కుడి గడిలో ఏం రాయాలి? నా బెంచీ ప్రశ్నే. గుండ్రంగా తిరిగే ఆవేశం వెలుగు వదులుతూ శక్తి పోగొట్టుకోవాలి. లెక్క వేస్తే ఎలక్ట్రాన్ సెకనులో పదివేల కోట్లవ వంతులో కేంద్రకంలో పడిపోవాలి. మరి మనం ఇంకా ఇక్కడే ఉన్నాం.

గోడ మీద మెట్లు

వంటింట్లోకి వెళ్ళండి. పప్పు పొంగి గ్యాస్ పొయ్యి మీద పడినప్పుడు నీలి మంట పసుపుగా మారడం అందరూ చూసిందే. పప్పులో ఉప్పు, ఉప్పులో సోడియం. చిటికెడు ఉప్పు మంట మీద మీరే చల్లి చూపించండి, పిల్లల చేతికి ఇవ్వకండి. ఎన్నిసార్లు చల్లినా అదే పసుపు, తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్లు. దీపావళికి ఆకుపచ్చ వెలుగు బేరియంది, ఎరుపు స్ట్రాన్షియంది.

తర్వాత పాత సీడీ వెనక వైపు మీద పాత మెలిక సీఎఫ్‌ఎల్ బల్బు వెలుగు పడేలా ఓరగా పట్టుకోండి. ఇంద్రధనుస్సు నిండుగా రాదు, ఆకుపచ్చ, ఎరుపు, నీలం చారలు విడివిడిగా ఉంటాయి. ఎండతో మాత్రం చూడొద్దు, కళ్ళు పోతాయి.

ఇక్కడ నేను తప్పకుండా చెప్పే ముచ్చట ఒకటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన గుంటూరులో కనిపించింది. జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికోసమే వచ్చి, సూర్యుడి అంచున ఎగిసే మంటల్లో మెరిసే గీతలు చూశాడు. ఆ ఏడాదే సూర్యుడి వెలుగులో గమనించిన ఒక పసుపు గీత సోడియందానికి దగ్గరే గానీ సోడియంది కాదు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు లాకియర్ దాన్ని కొత్త మూలకం అన్నాడు, అదే హీలియం. ఆల్ఫా కణం అంటే హీలియం కేంద్రకమేనని పిల్లలకి గుర్తు చేయండి.

ఇక సుద్దముక్క తీసుకోండి. గోడ మీద అడుగున ఒక అడ్డగీత. అక్కణ్ణుంచి 102 సెంటీమీటర్ల ఎత్తున రెండోది, 121 దగ్గర మూడోది, 127న్నర దగ్గర నాలుగోది, 130.6 దగ్గర ఐదోది, 136 దగ్గర అన్నిటికన్నా పైది. హైడ్రోజన్ శక్తి స్థాయిలివి, ఒక ఎలక్ట్రాన్ వోల్టుకి (పరమాణువుల దగ్గర శక్తి కొలిచే ప్రమాణం) పది సెంటీమీటర్ల చొప్పున. 1913లో నీల్స్ బోర్ అన్నది ఇది: ఎలక్ట్రాన్ ఈ మెట్ల మీదే ఉండగలదు, మధ్యలో నిలబడలేదు, మెట్టు మీద ఉన్నంతసేపూ వెలుగు వదలదు, కింది మెట్టుకి దిగినప్పుడే ఆ తేడా అంతా వెలుగై పోతుంది. ఎందుకు వదలదు? ఆయన దగ్గర సరైన కారణం లేదు, అలా అనుకుందాం అన్నాడంతే. పిల్లలకి ఇది దాచకండి.

కానీ లెక్క కుదిరింది. మూడో మెట్టు నుంచి రెండోదానికి దూరం టేపుతో కొలవమనండి. 19 వస్తుంది, కచ్చితంగా అయితే 18.9. అంటే 1.89 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్ వోల్టుల్ని తరంగదైర్ఘ్యంలోకి మార్చే అంకె 1240, దాన్ని 1.89తో భాగిస్తే 656 నానోమీటర్లు, ఎర్ర గీత. నాలుగు నుంచి రెండుకి 25.5, భాగిస్తే 486, నీలం కలిసిన ఆకుపచ్చ. ఐదు నుంచి రెండుకి 28.6, భాగిస్తే 434, ఊదా వైపు. హైడ్రోజన్ గొట్టం వెలిగిస్తే కనిపించే గీతలు సరిగ్గా ఇవే. వీటికి సూత్రం కట్టింది 1885లో బామర్ అనే స్కూలు మాస్టారు. ఆ సూత్రం ఎందుకు పనిచేస్తుందో ఆయనకి తెలియదు. బోర్ పుట్టింది అదే ఏడాది.

గోడ మీద సుద్ద గీతలకి ఇంట్లో పెద్దవాళ్ళు గొడవ పెడతారు. ముందే చెప్పి ఉంచండి.

మధ్యలో కొన్ని ఉన్నాయి, అవి గబగబా దాటేయొచ్చు. కేంద్రకంలోని ధనావేశమే మూలకం వరస సంఖ్య అని 1913లో ఎక్స్‌ కిరణాలతో తేల్చింది మోస్లీ, రెండేళ్ళకే యుద్ధంలో చనిపోయాడు, ఇరవై ఏడేళ్ళు. ప్రోటాన్‌ని పట్టుకున్నది, పేరు పెట్టింది రూథర్‌ఫర్డే. ఆవేశం లేని న్యూట్రాన్ 1932లో చాడ్విక్‌కి దొరికింది. బరువు లెక్క అప్పుడు కుదిరింది.

వంద చుక్కలు

బోర్ మెట్లు హైడ్రోజన్‌కి అద్దినట్టు సరిపోయాయి. రెండే ఎలక్ట్రాన్లున్న హీలియం దగ్గరికి వచ్చేసరికి లెక్క కుదరలేదు. కుడి గడిలో "హీలియం" అని ఒక్క మాట రాస్తే చాలు.

1924లో డి బ్రోలీ ఎలక్ట్రాన్‌కి అల స్వభావం ఉంటుందన్నాడు. 1927లో అది ప్రయోగాల్లో కనిపించింది. చూపించినవాళ్ళలో ఒకరు జి.పి. థామ్సన్, మన లడ్డూ థామ్సన్ కొడుకు. ఎలక్ట్రాన్‌ని కణంగా పట్టుకున్న తండ్రికి 1906లో నోబెల్, అది అలలా కూడా నడుచుకుంటుందని చూపినందుకు కొడుక్కి 1937లో. మా పిల్లలు దీన్ని ఇంటి గొడవ కింద జమకట్టారు.

1926లో ష్రోడింగర్ ఆ అలకి సమీకరణం రాశాడు. అది చెప్పేది ఎలక్ట్రాన్ దారి కాదని, అది ఎక్కడ దొరికే అవకాశం ఎంతో అని మాక్స్ బోర్న్ అర్థం చెప్పాడు. తిరిగే ఫ్యాన్ రెక్కలు మబ్బులా కనిపిస్తాయి కదా అని చాలామంది పోలుస్తారు. నాకు ఆ పోలిక ఇష్టం లేదు. ఫ్యాన్ రెక్క ప్రతి క్షణం ఒక చోట ఉంటుంది, మన కన్ను అందుకోలేదంతే. ఎలక్ట్రాన్ సంగతి అది కాదు. ఆ పోలిక ఎక్కితే తర్వాత వదిలించడం కష్టం.

దాని బదులు చార్టు మీద మధ్యన ఇంటూ గుర్తు పెట్టి, చుట్టూ రెండేసి సెంటీమీటర్ల దూరంలో వలయాలు గీయండి. నిలబడి, నడుం ఎత్తు నుంచి స్కెచ్ పెన్నుని మొన కిందికి ఉండేలా ఆ గుర్తు మీదికి వంద సార్లు వదలమనండి. చుక్కలు మధ్యలో ఒత్తుగా, పోను పోను పలచగా పడతాయి. ఏ చుక్క ఎక్కడ పడుతుందో ముందు చెప్పలేం, వంద పడ్డాక ఆకారం మాత్రం ప్రతిసారీ అదే. ఇప్పుడు ఏ వలయంలో ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టమనండి. మధ్య వలయం ఒత్తుగానే ఉంటుంది కానీ చోటు తక్కువ. బయటి వలయానికి చోటు ఎక్కువ కానీ చుక్కలు తక్కువ. మొత్తం మీద ఎక్కువ చుక్కలు మధ్యకీ బయటికీ నడుమ ఉండే ఏదో ఒక వలయానికి దక్కుతాయి.

హైడ్రోజన్‌కి ఇదే లెక్క వేస్తే ఎలక్ట్రాన్ అన్నిటికన్నా ఎక్కువగా దొరికే దూరం కేంద్రకం నుంచి 53 పికోమీటర్లు. 1913లో బోర్ మొదటి కక్ష్యకి కట్టిన దూరమూ అదే. కక్ష్య పోయింది, అంకె మిగిలింది. నేను బెంచీ మీద నిలబడిన రోజు మా సార్ కొట్టేసిన పేర్లలో ఎవర్నీ కొట్టేయక్కర్లేదని నాకు తెలిసింది ఈ చుక్కలు లెక్కపెడుతున్నప్పుడే.

చార్టు పూర్తయ్యాక మా అక్క కూతురు అడిగింది: "పిన్నీ, ప్రోటాన్లన్నీ ధనావేశమే కదా, అంత ఇరుకులో ఒకదాన్నొకటి తోసుకోవా?" తోసుకుంటాయి. వాటిని పట్టి ఉంచే బలం ఇంకొకటి ఉంది, చాలా దగ్గర దూరంలోనే పనిచేస్తుంది. 1935లో యుకావా దానికి సిద్ధాంతం కట్టాడు. మీ పిల్లలూ ఇది అడిగితే నోటుబుక్కు చివరి పేజీలో రాయించి, కుడి గడి ఖాళీగా వదిలేయండి.

పరీక్షలో మాత్రం బోర్ బొమ్మే అడుగుతారు. గీయించండి, మార్కులు పోగొట్టుకోవడం దేనికి? సోడియంతో మొదలుపెట్టండి. లోపలి వలయంలో 2, తర్వాత 8, బయట 1. పప్పు పొంగినప్పుడు పొయ్యి మీద పసుపు వెలుగు ఇచ్చేది ఆ బయటి ఒక్కటే.